ముగింపుల బీరువా

మా గట్టుపాలెం శాఖా గ్రంథాలయంలో డిటెక్టివ్ నవలలకు చివరి పేజీలు ఉండవు. ఎవరో చింపుకుపోయారని అనుకోకండి. ఎవరూ చింపుకుపోకుండా గ్రంథాలయాల శాఖవారే ముందుగా కోసి దాచారు. ఈ ఏర్పాటూ నేనూ ఇంచుమించు ఒకే నెలలో ఈ ఊరు వచ్చాం. అందుకే నా కొత్త కాపురం గురించి చెప్పాలంటే ఆ బీరువా గురించి చెప్పక తప్పదు.

పెళ్లిచూపుల్లో మా ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, తీరిక వేళల్లో ఏం చేస్తారని. పుస్తకాలు చదువుతానన్నాను. ఆయన మర్యాదగా తలూపారు. పెళ్లిచూపుల్లో అందరూ అదే చెబుతారు కాబట్టి నేను చెప్పింది నిజమని ఎవరికీ తట్టలేదు. మొదటి అధ్యాయంలో కనీసం ఒక్కరైనా హత్యకు గురికాకపోతే నాకు పుస్తకం రుచించదని మా నాన్నకు తెలుసు. ఆ ముక్క సంబంధం చెడగొడుతుందేమోనని ఆయన పెళ్లివారి ముందు పైకి అనలేదు.

అత్తారింట్లో చీరలు సర్దుకుందామని అలమర తెరిస్తే బట్టలకు చోటు లేదు. ఒక అరలో కోటలు, ముట్టడులు, సింహాసనం కోసం అన్నదమ్ముల తగవులు. ఇంకో అరలో యుద్ధ నవలలు, వాటి అట్టల మీద పొగలో నడిచిపోతున్న సైనికులు. మా ఆయన పేరు రుద్రప్రతాప్. పగలు కరెంటాఫీసులో ఇంజనీరు. సాయంత్రమైతే ఏదో ఒక బురుజు ఎక్కి కాపలా కాస్తుంటారు.

"ఇవన్నీ చదివారా?" అన్నాను.

"కొన్ని రెండుసార్లు," అని, తప్పు చేసినవాడిలా చూశారు.

ఆ పూటే ఒప్పందం కుదిరింది. వరసగా ఒక హత్య, ఒక రాజ్యం, ఒక యుద్ధం. మూడింటికీ సమాన న్యాయం. పుస్తకం ఒక్కటే, చదివేది ఇద్దరం. పెరటి వసారాలో నవారు మంచం మీద పక్కపక్కన కూర్చునేవాళ్లం. నేను గబగబా చదివేసి, పేజీ అడుగున ఆయన కోసం ఆగేదాన్ని. ఆయనా ఎప్పుడో చదివేసి నాకోసమే ఆగుతున్నారని చాలా రోజులకు గాని తెలియలేదు. ఇలా ఒకరికోసం ఒకరం ఆగడం వల్ల ఒక్కో పేజీకి కాఫీ చల్లారేంత సేపు పట్టేది. ఇద్దరిలో ఎవరమూ తొందరపెట్టలేదు.

మొదటి వంతు నాది కాబట్టి హత్య తెచ్చుకున్నాం. ఏటి మధ్య లంకల నుంచి అరటిగెలలు తెచ్చే లాంచీ. గెలల మధ్య షావుకారు శవం. లాంచీలో డిటెక్టివు కాక మిగిలినవాళ్లు నలుగురు: సరంగు, డాక్టరు, షావుకారు మేనల్లుడు, వంటమనిషి. ఒక ఎర్ర గొడుగు కూడా ఉంది గానీ దాన్ని మేము పట్టించుకోలేదు.

"డాక్టరే," అన్నాను నేను. "అందరూ ఏడుస్తుంటే ఆయన కాఫీ ఊదుకుని తాగాడు. చూశారా?"

"లాంచీ నడిపేది సరంగు. ఎక్కడ ఎంత లోతుందో అతనికే తెలుసు. అతనే," అన్నారు ఆయన.

పందెం వేసుకున్నాం. కొత్త దంపతులకని ఆఫీసువాళ్లు ఆయనకు, కొన్ని నెలలు పోయాక తీసుకోమని, వారం రోజులు సెలవిచ్చారు. నేను గెలిస్తే భీమిలి, సముద్రం. ఆయన గెలిస్తే గండికోట, బురుజులు. సముద్రం నేను సినిమాల్లో తప్ప చూడలేదు. ఆయన గండికోటను పుస్తకాల్లో తప్ప చూడలేదు. కనుక అది ఆషామాషీ పందెం కాదు.

అత్తయ్యగారు గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తకుండానే, "ఇద్దరూ తప్పితే?" అన్నారు.

మేమిద్దరం నవ్వాం. "ఇద్దరం తప్పితే మీ ఇష్టం అత్తయ్యా."

"అయితే అన్నవరం. మొక్కుంది. మీ పెద్దత్తనీ చిన్నత్తనీ కూడా తీసుకెళ్దాం, పాపం ఎప్పట్నుంచో అడుగుతున్నారు," అని, ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

మా చదువు వేగం మీకు చెప్పాను కదా. పుస్తకం సగంలో ఉండగానే గడువు అయిపోయింది. మా ఆయన గ్రంథాలయానికి పట్టుకెళ్లి గడువు పెంచి తెచ్చారు. చేతికి తీసుకోగానే నాకు పుస్తకం తేలికనిపించింది. పెళ్లయిన కొత్తలో అన్నీ తేలికగానే అనిపిస్తాయి కాబట్టి అనుమానించలేదు.

ఆఖరికి లాంచీ రేవు చేరింది. డిటెక్టివు నలుగుర్నీ వరసగా నిలబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "హంతకుడు ఈ లాంచీలోనే ఉన్నాడు. అతను" అన్నాడు. ఆ తర్వాత అట్ట.

నేను అట్టను రెండుసార్లు తిప్పి చూశాను. మా ఆయన మంచం కింద వెతికారు.

మర్నాడు ఇద్దరం గ్రంథాలయానికి వెళ్లాం. గ్రంథపాలకుడు అప్పాజీగారు మమ్మల్ని చూడగానే కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఏంజేత్తామమ్మా, పైనుంచొచ్చిన ఆర్డరు," అన్నారు.

ఆర్డరు గోడకు అంటించి ఉంది. జిల్లాలో ఎక్కడో ఒక పాఠకుడు, తాను తీసుకెళ్లిన నవలలో చివరి పేజీ ఎవరో చించారని ఫిర్యాదుల రోజున మొరపెట్టుకున్నాడట. ఫిర్యాదు పైకి వెళ్లింది. పైవారు కమిటీ వేశారు. పుస్తకంలో దొంగతనానికి గురయ్యే భాగం ముగింపేనని, కనుక దాన్ని పుస్తకంలో ఉంచడమే నేరానికి ప్రేరణ అని కమిటీ తేల్చింది. ఉత్కంఠ గల ప్రతి గ్రంథం నుంచి చివరి పదహారు పేజీలు విడదీసి, ఇనప బీరువాలో భద్రపరచి, అర్హులైన పాఠకులకు మాత్రమే మంజూరు చేయాలని ఆదేశం వచ్చింది.

"అర్హులంటే?" అన్నారు మా ఆయన.

"దానికి వేరే ఆఫీసరు గారొచ్చేరండి. లోపలున్నారు. చెప్పులిడిచి ఎల్లండి."

ఇదివరకు పిల్లల పుస్తకాలుండే గదికి ఇప్పుడు 'ముగింపుల భద్రతాధికారి' అన్న బోర్డు ఉంది. లోపల దండిభొట్ల విశ్వపతిగారు. ఆయన వెనక, తలుపంత తాళంతో, ఆకుపచ్చ బీరువా.

"సదరు గ్రంథమును ఆసాంతము పఠించితిరా?" అన్నారు.

"ఆసాంతం మీ దగ్గరే ఉందండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ముగింపు కోరు పాఠకులు, అంతకు మునుపటి భాగమును వాస్తవముగా చదివినట్లు మౌఖిక పరీక్షలో నిరూపించుకొనవలెను. షావుకారు ఏ రకము అరటిగెలల మధ్య పడియుండెను?"

"చక్కెరకేళి," అని ఇద్దరం ఒకేసారి అన్నాం. అలా ఒకేసారి అనడం నాకు ఎంత సంతోషం కలిగించిందంటే, ఎందుకొచ్చామో క్షణంసేపు మర్చిపోయాను.

"సంతృప్తికరము. రేషను కార్డు?"

మా ఆయన తీసి ఇచ్చారు. విశ్వపతిగారు దాన్ని వెలుగుకు పెట్టి చూశారు. "ఒక కార్డుకు ఒక ముగింపు. ఇందు మీ పేరు, మీ తల్లిగారి పేరు కలవు. ఈమె పేరు లేదు."

"కొత్తగా పెళ్లయిందండి. ఇంకా చేర్పించలేదు."

"అనగా ఈమె ఇప్పటికీ పుట్టినింటి కార్డుననే ఉన్నారు. ఆ ప్రకారము ఈమెకు రావలసిన ముగింపు పుట్టినింటి గ్రంథాలయము నుండియే మంజూరు కావలెను."

"మా ఊళ్లో గ్రంథాలయం లేదండి," అన్నాను.

"అట్లయిన ముగింపునకు మీరు అర్హులు కారు. మీ భర్తగారు అర్హులు. వారు ఇచ్చట కూర్చుండి చదివి, కార్డునందు పేరు లేని వ్యక్తులకు వెల్లడింపనని ప్రమాణము చేసి వెళ్లవచ్చును."

తాళంచెవి బల్ల మీద పెట్టారు. చెయ్యి చాపితే అందేంత దూరంలో గండికోట ఉంది. మా ఆయన తాళంచెవి వైపు చూశారు. బీరువా వైపు చూశారు.

"మా ఆవిడ లేకుండా నాకు ముగింపు వద్దండి," అన్నారు.

ప్రేమ గురించి చాలామంది చాలా రాశారు. ఆకుపచ్చ బీరువా ముందు ఒక మనిషి ఇంత మాట అనగలడని ఎవరూ రాయగా నేను చదవలేదు.

బయట బల్ల మీద గంటా సత్తిరాజుగారు కూర్చుని ఉన్నారు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన పెద్దాయన. యుద్ధ నవలలు తప్ప ముట్టుకోరు. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చారు.

"మీక్కూడా ఇవ్వలేదాండీ?" అన్నారు.

"మీకెందుకివ్వలేదు తాతగారూ?"

"పరీచ్చలో పోయిందమ్మా. ఈ యుద్ధంలో ఎవరు గెలవడం న్యాయమంటారూ అన్నాడు. ఎవరు గెలిత్తే ఏంటండి, నడిచేవోడి కాళ్లు నొప్పే కదా అన్నాను. అసంతృప్తికరము అని రాసేసేడు." ఆయన ఒళ్లో నవలను నిమిరారు. "నాకు గెలుపూ వద్దు, ఓటమీ వద్దు. ఇందులో సోమన్నని ఓ కుర్రోడున్నాడు. ఆడు ఇంటికెళ్లేడో లేదో చెప్తే సాలు."

కార్డులో నా పేరు చేర్పించడానికి దరఖాస్తు పెట్టాం. ముందు పుట్టినింటి కార్డులోంచి తీయించుకు రమ్మన్నారు. అక్కడేమో, ముందు ఇక్కడ చేరినట్టు కాగితం తెమ్మన్నారు. నేను ఏ కార్డుకూ చెందని దాన్నై, ఏ పుస్తకానికీ ముగింపు లేనిదాన్నై తిరుగుతుండగా గ్రంథాలయంలో తనిఖీ జరిగింది.

తనిఖీ అధికారి ఒక నవల తీసి వెనక నుంచి తెరిచారు. "దీని చివరి పేజీలు దీనికే ఉన్నవేమి?" అని అడిగారు. అవి చివరివి కావనీ, చివరివి కోసేశాక మిగిలినవనీ అప్పాజీగారు విన్నవించుకున్నారు. "మిగిలినవాటిలో ఇవి చివరివే కదా?" అన్నారు అధికారి. నిజమే. చివర ఏది ఉంటే అదే చివరిది. ఆదేశం చివరి పేజీలను భద్రపరచమంది గానీ, ఒకసారి భద్రపరిచి ఊరుకోమనలేదు. అన్ని పుస్తకాల నుంచీ మరో పదహారేసి పేజీలు కోశారు. పై నెల తనిఖీకి మళ్లీ కోశారు. చారిత్రక నవలలను కూడా కలిపారు. రాజ్యాలు ఎవరికి దక్కాయో అందరికీ తెలియడం శాంతిభద్రతలకు మంచిది కాదట.

తనిఖీ రాకపోయినా కోత ఆగడం లేదని అప్పాజీగారే ఒకరోజు చెవిలో చెప్పారు.

"ఆఫీసరు గారే కోయిత్తన్నారమ్మా. తలుపేసుకుని చదూతన్నారు. మొదట ముగింపులు చదివేరు. ఎవరు చంపేరో తెలిసింది గానీ ఎవర్ని చంపేరో తెల్లేదంట. దాని ముందు పదహారూ కోయండీ అన్నారు. అయ్యి చదివితే దానిముందేం జరిగిందో తెల్లేదంట. నిద్ర పట్టట్లేదంటన్నారు."

విశ్వపతిగారు ఒక్కో నవలా వెనక నుంచి ముందుకు చదువుకొస్తున్నారన్నమాట. ఆయన చదివే చారిత్రక నవలల్లో పోయిన రాజ్యాలు తిరిగి వస్తున్నాయి, కూలిన కోటలు లేస్తున్నాయి. ఈ సంగతి వింటే మా ఆయన కోప్పడతారనుకున్నాను. అసూయపడ్డారు.

సత్తిరాజుగారు మాత్రం మెచ్చుకున్నారు. "యుద్ధం అట్టాగే చదవాలండి ఆయ్," అన్నారు. "పోయినోళ్లందరూ లేచి, ఎనక్కి నడుచుకుంటా, అమ్మ దగ్గరికెళ్లి అన్నం తింటారు."

అప్పటికి మా లాంచీ నవల గడువు దాటి చాలా రోజులైంది. తిరిగి ఇస్తే ఇంకో పదహారు పేజీలు పోతాయని మేము ఇవ్వలేదు. ఆయన సెలవు దగ్గర పడింది. భీమిలికో గండికోటకో టిక్కెట్లు తీయాలి. హంతకుడు తేలకుండా ఎక్కడికని తీస్తాం?

ఒక ఆదివారం పొద్దున్న విశ్వపతిగారే మా ఇంటికి వచ్చారు.

"గడువు మీరిన సదరు గ్రంథమును స్వాధీనపరచుకొనుటకు వచ్చితిని," అని గుమ్మంలోనే ప్రకటించారు. అత్తయ్యగారు కుర్చీ వేసి, జంతికలు పెట్టి, కాఫీకి లోపలికి వెళ్లారు. నేను పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఒక జంతిక కొరికారు. ఇంకోటి కొరికారు. కళ్లకింద నల్లటి చారలున్నాయి.

తర్వాత గొంతు తగ్గించి, వ్యాకరణమంతా పక్కన పెట్టి, "ఆ ఎర్ర గొడుగు ఎవరిదమ్మా?" అన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను.

"చివర్లో ఉంది," అన్నారు విశ్వపతిగారు. "గొడుగు చూపించగానే ఆ మనిషి కుప్పకూలి అంతా ఒప్పేసుకుంటాడు. గొడుగు చూసి ఎందుకు ఒప్పుకోవాలి? నెల నుంచి అదే ఆలోచన. మొదలంతా మీ దగ్గరే ఉండిపోయింది."

ఏ మనిషని అడగబోయి ఆగాను. నాలో అంతవరకూ లేని ఒక అధికారి మేల్కొంది.

"మొదలు కోరు పాఠకులు చివరి భాగం వాస్తవంగా చదివినట్టు నిరూపించుకోవాలండి. మీ రేషను కార్డు ఏ ఊళ్లో ఉంది?"

ఆయన ముఖం పాలిపోయింది. "ఏలూరు."

"అయితే మీకు రావలసిన మొదలు ఏలూరు నుంచే మంజూరు కావాలి."

"పోనీలేద్దూ, పాపం," అన్నారు మా ఆయన నెమ్మదిగా. నిజమే, పాపమే. జంతిక చేతిలో పట్టుకుని కొరకడం మర్చిపోయిన మనిషిని ఎంతసేపు ఏడిపిస్తాం. పుస్తకం తెరిచి మొదటి అధ్యాయం చదివి వినిపించాను. లంక రేవులో వాన. షావుకారు ఎర్ర గొడుగు వేసుకుని లాంచీ ఎక్కుతాడు. గొడుగు పిడికి చిలక బొమ్మ. పదేళ్ల కిందట వరదలో కొట్టుకుపోయిన చెల్లెలి చేతిలో కూడా అలాంటి గొడుగే ఉండేదని, దాన్ని చూస్తే ఆమె గుర్తొస్తుందని అంటాడు.

విశ్వపతిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అలాంటిది కాదమ్మా, అదే గొడుగు. వరదలో పోయిన గొడుగు ఈయన చేతికెలా వచ్చింది? ఆమెను ఏట్లో తోసింది ఈయనే. అందుకా మేనల్లుడు ఏడుస్తూ చంపింది."

అన్నేళ్ల ఉద్యోగంలో ఆయన వెల్లడించిన మొదటి రహస్యం అదే అయ్యుంటుంది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు గానీ మేనల్లుడు అప్పటికే బయటికి వచ్చేశాడు. డాక్టరు కాదు. సరంగు కాదు. సముద్రమూ లేదు, కోటా లేదు.

అత్తయ్యగారు కాఫీ గ్లాసులతో వచ్చి, "అన్నవరానికి టిక్కెట్లు నిన్ననే చేయించాను," అన్నారు.

"నిన్న చేయించడమేంటమ్మా?" అన్నారు మా ఆయన. "మాకు తెలిసిందే ఇప్పుడు కదా."

"మీకు ఇప్పుడు తెలిసింది. పుస్తకం ఇంటికొచ్చిన రోజే నేను చివరి పేజీ చూశాను. నాకెప్పుడూ అదే అలవాటు. చివరికి ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలియకుండా ముందు నుంచి చదివే గుండె దిటవు నాకు లేదురా."

మేము రేషను కార్డు కోసం రెండు ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో, హంతకుడు మా వంటింట్లోనే, పోపులపెట్టె పక్కనే ఉన్నాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే మీ సరదా ఏం కావాలి? మంచం మీద కూర్చుని ఒక్కో పేజీ అంతసేపు చదువుకుంటున్నారు. చూడ్డానికి బాగుంది."

విశ్వపతిగారు తేరుకున్నారు. ఆయనతోపాటు వ్యాకరణం కూడా తిరిగొచ్చింది. "అనగా, ఒక ముగింపు ఇంతకాలము అనధికారికముగా ఈ గృహమున నిలువయున్నదా? ఎచ్చట భద్రపరచితిరి?"

అత్తయ్యగారు వేలితో తన తలను చూపించారు.

"ఎన్నడైనను బయటకు పొక్కినదా?"

"నా దగ్గర్నుంచి పొక్కలేదు బాబూ. ఇప్పుడు పొక్కింది మీ దగ్గర్నుంచే. కాఫీ చల్లారిపోతోంది."

ఆయన కాఫీ తాగి, పుస్తకం స్వాధీనం చేసుకుని, దాన్ని గుండెకు హత్తుకుని వెళ్లిపోయారు. మర్నాడు అత్తయ్యగారికి నోటీసు వచ్చింది. ఆమె ఆధీనంలో ఉన్న ముగింపులన్నీ, గతంలో చదివినవాటితో సహా, కార్యాలయానికి అప్పగించాలట. ఆవిడ దాని వెనక అన్నవరం సామాన్ల జాబితా రాసుకున్నారు.

సెలవు మొదలైన రోజు మేమందరం రైలెక్కాం. నేను, మా ఆయన, అత్తయ్యగారు, పెద్దత్తగారు, చిన్నత్తగారు, పులిహోర డబ్బా. దారిలో చదువుకోవడానికి గ్రంథాలయం నుంచి కొత్త హత్య ఒకటి తెచ్చుకున్నాం. బయల్దేరే ముందు సత్తిరాజుగారు ఎదురై, సోమన్న ఇంటికెళ్లాడని చెప్పారు. బీరువా గది కిటికీ దగ్గర నిలబడి అడిగితే ఆఫీసరు గారు లోపల్నుంచి తలూపారట. అవుననా కాదనా అని నేను అడగలేదు.

కోతలు చాలా దూరం వచ్చాయి. నవలకు రెండు అట్టలు, మధ్యలో పేరున్న పేజీ, అంకితమున్న పేజీ మిగిలాయి. శాఖవారి లెక్కలో అది నిండు పుస్తకమే, భద్రత కూడా సంపూర్ణం. నేను ఫ్లాస్కులోంచి మా ఆయనకు కాఫీ పోసి ఇచ్చి, ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం వాలి పుస్తకం తెరవబోయాం.

"ఒక్కసారి ఇలా ఇవ్వమ్మాయ్," అన్నారు అత్తయ్యగారు.

కళ్లజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం వెనక నుంచి తెరిచారు. చివరి పేజీ అంకితమే. అడిగినప్పుడల్లా విసుక్కోకుండా కాఫీ ఇచ్చి ఈ నవల పూర్తి చేయించిన నా అర్ధాంగికి, అని ఉంది. అత్తయ్యగారు దాన్ని నెమ్మదిగా, పూర్తిగా చదివారు. మొహం గంభీరంగా మారింది.

"చెప్పకండి అత్తయ్యా," అన్నాను.

ఇన్నేళ్లూ ఎన్నో ముగింపులు మింగి కూర్చున్న మనిషి, ఈసారి మాత్రం ఆగలేకపోయారు.

"కాఫీలో కలిపింది," అన్నారు.

మా ఆయన తన చేతిలోని గ్లాసు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. ఆ తర్వాత గటగటా తాగేశారు.